భూకంపాలొచ్చే చోట అణు విద్యుత్ కేంద్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రపంచంలో ఎక్కడ పెద్ద భూకంపం వచ్చినా ఇవే ప్రశ్నలు మళ్లీ తిరుగుతుంటాయి. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబు చెప్పొచ్చు, కొన్నిటికి కాస్త ఓపిక పట్టాలి. 'అంతా సేఫ్, మీరే అనవసరంగా భయపడుతున్నారు' అనేవాళ్లకీ, 'అన్నిటికీ తాళం వేసేయండి' అనేవాళ్లకీ కూడా ఇందులో మింగుడుపడని విషయాలు ఉన్నాయని ముందే చెప్పేస్తున్నాను.

భూకంపం వస్తే రియాక్టర్ అణుబాంబులా పేలిపోతుందా?

పేలదు. బాంబుకి యురేనియం-235 (యురేనియంలో తేలిగ్గా విచ్ఛిత్తి అయ్యే రకం) శాతం 90 దగ్గర ఉండాలి. కరెంటు తీసే రియాక్టర్లలో ఎక్కువ వాటి ఇంధనంలో అది 3 నుంచి 5 శాతం, కొన్ని రకాల్లో అంత కూడా ఉండదు, తవ్వి తీసిన సహజ యురేనియమే వాడతారు. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా ప్లాంటులో అందరం టీవీలో చూసిన పేలుళ్లు హైడ్రోజన్ గ్యాస్‌వి. ఆ గ్యాస్ ఎలా పుట్టిందో కాస్త కింద చెప్తాను.

భూమి ఊగడం మొదలవగానే లోపల ఏం జరుగుతుంది?

జపాన్ లాంటి చోట్ల రియాక్టర్ భవనంలోనే సెన్సర్లు ఉంటాయి. కంపనం ఒక హద్దు దాటగానే ఎవరూ బటన్ నొక్కనక్కర్లేకుండా విచ్ఛిత్తిని ఆపే కంట్రోల్ రాడ్లు ఇంధనం మధ్యలోకి దూసుకుపోతాయి, కొన్ని సెకన్లలో అణు విచ్ఛిత్తి (అణువులు చీలి వేడి పుట్టించడం) ఆగిపోతుంది. కొన్ని దేశాల్లో ఈ ఆటోమేటిక్ ఏర్పాటు లేని ప్లాంట్లు ఉన్నాయి, అక్కడ ఆపరేటర్ ఆపాలి, లేదా వేరే ఏదో రక్షణ సిగ్నల్ ఆపుతుంది. ఎలా ఆపినా, ఆపడం మాత్రం పెద్ద సమస్య కాదు.

అసలు సమస్య ఆపిన తర్వాత మొదలవుతుంది. విచ్ఛిత్తి ఆగినా అప్పటికే ఇంధనంలో పోగైన రేడియోధార్మిక పదార్థాలు క్షయమవుతూ వేడి పుట్టిస్తూనే ఉంటాయి. దాన్ని ఏ స్విచ్చూ ఆపలేదు. 3,000 మెగావాట్ల ఉష్ణశక్తి ఉన్న రియాక్టర్ అనుకుందాం. ఆపిన మరుక్షణం అందులో 6–7 శాతం, అంటే 200 మెగావాట్ల దాకా వేడి ఇంకా వస్తూ ఉంటుంది. గంటకి ఒకటిన్నర శాతానికి, రోజు గడిచేసరికి అర శాతానికి తగ్గుతుంది. అర శాతమేగా అనుకోకండి, అది 15 మెగావాట్లు, రాత్రీ పగలూ. ఆ వేడిని తీసేయాలంటే నీళ్లు తిరగాలి, నీళ్లు తిరగాలంటే పంపులు ఆడాలి, పంపులు ఆడాలంటే కరెంటు కావాలి, తీరా భూకంపం మొట్టమొదట తెంపేది బయట నుంచి వచ్చే కరెంటు లైన్లనే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పేవన్నీ దానంతట అవే అర్థమవుతాయి.

ఫుకుషిమాని దెబ్బతీసింది భూకంపమా, సునామీనా?

సునామీ. కానీ భూకంపం దానికి దారి చేసిపెట్టింది.

2011 మార్చి 11 మధ్యాహ్నం 2:46కి 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. ప్రమాదం జరిగిన ప్లాంటు ఫుకుషిమా దాయిచి, అందులో ఆరు రియాక్టర్లుంటే 1, 2, 3 మాత్రమే నడుస్తున్నాయి, మూడూ వాటంతట అవే ఆగిపోయాయి. కంపనానికి బయటి కరెంటు మొత్తం పోయింది. డీజిల్ జనరేటర్లు ఆన్ అయ్యాయి. అంటే దాదాపు యాభై నిమిషాల పాటు అంతా పుస్తకంలో రాసినట్టే నడిచింది.

ఆ తర్వాత సముద్రం వచ్చింది. మొదటి నాలుగు యూనిట్లు ఉన్న నేల సముద్రమట్టానికి 10 మీటర్ల ఎత్తులో ఉంది. ప్లాంటు లెక్కల్లో పెట్టుకున్న సునామీ 5.7 మీటర్లు. వచ్చింది 13 నుంచి 15 మీటర్లు. జనరేటర్లలో ఎక్కువ భాగం టర్బైన్ భవనాల నేలమాళిగల్లో ఉన్నాయి, మునిగిపోయాయి. ఇక్కడ నాకు ఎప్పుడూ మనసు చివుక్కుమనిపించే విషయం ఒకటుంది: 2, 4 యూనిట్లకి గాలితో చల్లబడే జనరేటర్లు ఒక్కోటి విడిగా, వేరే భవనంలో ఉన్నాయి, అవి పాడవలేదు. కానీ వాటి కరెంటుని పంచే స్విచ్‌బోర్డులు కింద నీళ్లలో ఉన్నాయి. జనరేటర్ బతికీ లాభం లేకపోయింది. అదే ఆరో యూనిట్ దగ్గర ఎత్తులో ఉన్న అలాంటి జనరేటర్ ఒక్కటి, దాని స్విచ్‌బోర్డుతో సహా, బతికింది. దాని పుణ్యమా అని 5, 6 యూనిట్లు గట్టెక్కాయి.

ఒకటో యూనిట్‌లో బ్యాటరీలు కూడా పోయాయి. కంట్రోల్ రూమ్ చీకటి. మీటర్లన్నీ చచ్చిపోయాయి, లోపల నీళ్లు ఎంత ఉన్నాయో కూడా తెలియదు. ఆపరేటర్లు టార్చిలైట్లు పట్టుకుని, బయట ఉన్న వాహనాల బ్యాటరీలు పీకి తెచ్చి, వైర్లతో మీటర్లకి తగిలించి రీడింగ్ చూసుకున్నారు. ఇంతా చేస్తే నీటిమట్టం చూపించే ఆ గేజ్ తప్పు చూపించింది, ఇంధనం పైన ఇంకా నీళ్లున్నాయని. అప్పటికి ఇంధనం బయటపడి కరగడం మొదలైంది. ఇంధన కడ్డీల తొడుగు జిర్కోనియం లోహం. అది 1,200 డిగ్రీల దరిదాపుల్లో ఆవిరితో గట్టిగా చర్య జరిపి హైడ్రోజన్ వదులుతుంది. ఆ హైడ్రోజన్ పైకి చేరి 12న ఒకటో యూనిట్, 14న మూడో యూనిట్, 15న నాలుగో యూనిట్ భవనాల్ని పేల్చేసింది. నాలుగోది అసలు నడవడమే లేదు, మూడో దాని గ్యాస్ ఉమ్మడి పైపుల్లోంచి అక్కడికి చేరింది.

కంపనానికే ఒకటో యూనిట్‌లో చిన్న పైపులేమైనా చిట్లాయా అన్న అనుమానాన్ని జపాన్ పార్లమెంటు వేసిన విచారణ కమిషన్ కొట్టిపారేయలేదు. తర్వాత జపాన్ నియంత్రణ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చూసినప్పుడు దానికి ఆధారం దొరకలేదు.

అంటే అది ప్రకృతి చేసిన పనా, మనుషుల తప్పా?

మనుషుల తప్పు. ఇది నా మాటే కాదు, పైన చెప్పిన పార్లమెంటు కమిషనే 2012లో దాన్ని మనుషులు చేసిన విపత్తు అని రాసింది.

ప్లాంటు కట్టక ముందు ఆ ఒడ్డు 35 మీటర్ల ఎత్తున్న గట్టు. సముద్రం నుంచి నీళ్లు తోడటం తేలికని, పునాది గట్టి రాతి మీద పడుతుందని దాన్ని 10 మీటర్లకి చెక్కేశారు. 869లో ఆ తీరాన్నే ముంచిన జోగన్ సునామీ ఇసుక పొరలు ఊళ్ల లోపల దాకా ఉన్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు చూపించారు. 2008లో ప్లాంటుని నడిపే కంపెనీ లోపలే వేసిన ఒక లెక్కలో 15.7 మీటర్ల అల రావచ్చని తేలింది. దాన్ని 'ఇంకా పరిశీలిద్దాం' అని పక్కన పెట్టారు. ప్లాంట్ల మీద నిఘా పెట్టాల్సిన సంస్థ ఏమో అణు విద్యుత్తును ప్రోత్సహించే మంత్రిత్వ శాఖ కిందే ఉండేది, ఇక గట్టిగా అడిగేదెవరు?

పోనీ నీళ్లు ఇలా చేస్తాయని ముందు తెలియదా అంటే, తెలుసు. 1999 డిసెంబరులో తుఫాను వరద ఫ్రాన్స్‌లోని బ్లయే ప్లాంటులోకి దూరి భద్రతా పంపుల్ని ముంచింది. 2004 డిసెంబరు 26 సునామీలో తమిళనాడులోని కల్పాక్కం ప్లాంటు పంప్‌హౌస్‌లోకి సముద్రపు నీళ్లొచ్చాయి, నడుస్తున్న రెండో యూనిట్‌ని ఆపరేటర్లు సురక్షితంగా ఆపారు. రెండుసార్లూ రియాక్టర్లకి ఏమీ కాలేదు, బహుశా అందుకే మిగతావాళ్లు పెద్దగా పట్టించుకోలేదు.

అదే తీరంలో ఉన్న మిగతా ప్లాంట్లు ఎలా బయటపడ్డాయి?

ఒనగావా ప్లాంటు ఆ భూకంప కేంద్రానికి ఫుకుషిమా కన్నా దగ్గర. అక్కడా 13 మీటర్ల సునామీ వచ్చింది. కానీ దాన్ని 14.8 మీటర్ల ఎత్తులో కట్టారు, దాని వెనక యానోసుకే హిరాయ్ అనే ఇంజినీరు పట్టుదల ఉంది, పాత సునామీల చరిత్ర చూసి ఇంతకన్నా కింద కుదరదని పట్టుబట్టాడు. భూకంపానికి నేలే ఓ మీటరు కుంగింది, అంటే చివరికి అలకీ ప్లాంటుకీ మధ్య మిగిలింది మీటరు కన్నా తక్కువ. ఒక స్విచ్‌గేర్‌లో మంటలొచ్చాయి, ఐదు లైన్లలో ఒక్క బయటి లైనే నిలిచింది, అయినా మూడు రియాక్టర్లూ చల్లబడ్డాయి. ఇళ్లు కొట్టుకుపోయిన చుట్టుపక్కల జనం మూడు వందల మందికి పైగా వచ్చి తలదాచుకుంది ఆ ప్లాంటు ఆవరణలోనే.

ఫుకుషిమా దాయిని అనే రెండో ప్లాంటుది ఇంకో కథ. దాయిచికి 12 కిలోమీటర్ల దక్షిణాన ఉంటుంది, నాలుగు రియాక్టర్లు. నీళ్లు అక్కడా దూరాయి, మూడింటికి చల్లబరిచే దారి పోయింది, కానీ ఒక బయటి కరెంటు లైను బతికుంది. దాన్ని పంపుల దాకా తీసుకెళ్లాలి కదా, దాదాపు 200 మంది కలిసి 9 కిలోమీటర్ల లావుపాటి కేబుల్‌ని భుజాల మీద మోసి పరిచారు. మామూలుగా యంత్రాలతో రోజుల తరబడి చేసే పని అది. 15వ తేదీకల్లా నాలుగూ పూర్తిగా చల్లబడ్డాయి. దాయినికీ దాయిచికీ తేడా ఆ ఒక్క లైను, ఆ మనుషులు. 'టెక్నాలజీ కాపాడింది' అని దీన్ని ఉదాహరణగా చూపేవాళ్లని చూస్తే నాకు ఆశ్చర్యమేస్తుంది.

'మా ప్లాంటు 7 తీవ్రత దాకా తట్టుకుంటుంది' అంటే నమ్మొచ్చా?

అలా చెప్పిన వాళ్లని ఇంకో ప్రశ్న అడగండి: ఎంత దూరంలో వచ్చిన 7? బల్బు ఎన్ని వాట్లన్నది వేరు, మీ పుస్తకం మీద పడే వెలుగు వేరు. తీవ్రత, అంటే మాగ్నిట్యూడ్, భూకంపం మొత్తం మీద విడుదల చేసిన శక్తి లెక్క. ప్లాంటుకి కావలసింది తన పునాది దగ్గర నేల ఎంత గట్టిగా ఊగుతుందన్నది, దాన్ని త్వరణంలో కొలుస్తారు, 'గాల్' లేదా 'జీ'ల్లో (1 జీ అంటే సుమారు 980 గాల్). కింద రాయి ఉందా మెత్తటి మట్టి ఉందా, కంపనం వేగంగా కొడుతుందా నెమ్మదిగా ఊపుతుందా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. పక్కనే వచ్చిన 6.6 దూరంగా వచ్చిన 8 కన్నా ఎక్కువ నష్టం చేయొచ్చు.

డిజైన్ లెక్క కన్నా గట్టిగా ఊగితే ఏమవుతుంది?

ఇది ఊహ కాదు, జరిగింది. 2007 జులై 16న జపాన్‌లోని కాషివాజాకి-కరివా దగ్గర 6.6 తీవ్రత భూకంపం వచ్చింది. ఏడు రియాక్టర్లున్న ఆ ప్లాంటు స్థాపిత సామర్థ్యంలో ప్రపంచంలోనే పెద్దది. ఒకటో యూనిట్ అడుగున 273 గాల్ వస్తుందని డిజైన్ చేస్తే 680 వచ్చింది, రెండున్నర రెట్లు. నడుస్తున్నవన్నీ ఆగాయి, రియాక్టర్ల కీలక భాగాలు నిలబడ్డాయి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ తగలబడి నల్లటి పొగ టీవీల్లో కనిపించింది, కొద్దిగా రేడియోధార్మిక నీరు సముద్రంలోకి పోయింది. అమెరికాలో 2011 ఆగస్టు 23న వర్జీనియాలోని నార్త్ అన్నా ప్లాంటులో కూడా కంపనం డిజైన్ హద్దు దాటింది. వాడేసిన ఇంధనం ఉన్న, ఒక్కోటి వంద టన్నులు దాటే పీపాలు కూడా ఉన్నచోటు నుంచి కొన్ని అంగుళాలు జరిగాయి. తనిఖీలయ్యాక నవంబరులో మళ్లీ నడిపారు.

ఇంజినీర్లు ప్రతి దశలోనూ కాస్త ఎక్కువ బలమే వేస్తారు కాబట్టి ఈ మిగులు ఉంటుంది, అది నిజం. కానీ రెండు చోట్లా ప్రమాదాన్ని అంచనా వేసిన లెక్క తప్పయింది, కాంక్రీటు మిగులు వల్ల బయటపడ్డారు. ఇదేదో గర్వంగా చెప్పుకునే విషయంలా కొందరు రాస్తారు, నాకైతే టెన్షన్ పడాల్సిన విషయంలాగే అనిపిస్తుంది.

కాషివాజాకి మిగిల్చిన పాఠం ఒకటి మాత్రం బాగా పనికొచ్చింది. అక్కడ కంపనానికి అత్యవసర గది తలుపు తెరుచుకోక ఇబ్బంది పడ్డారు. అందుకని ఫుకుషిమా దాయిచిలో కంపనాన్ని తట్టుకునే ప్రత్యేక భవనం కట్టారు, 2010 జులైలో పూర్తయింది. ఎనిమిది నెలల తర్వాత సిబ్బంది మొత్తం నిలబడి పని చేసింది ఆ భవనంలోంచే.

భ్రంశం (నేల కదిలే భూగర్భ చీలిక) మీదే కట్టేస్తే?

రియాక్టర్ కింద నేల చీలి రెండు ముక్కలు అటూ ఇటూ జరిగితే దానికి డిజైన్‌తో జవాబు చెప్పడం చాలా కష్టం. అందుకే జపాన్ నిబంధనల ప్రకారం గత 1.2–1.3 లక్షల ఏళ్లలో కదిలి ఉండొచ్చన్న భ్రంశం మీద ముఖ్యమైన భాగాలు ఉండకూడదు. సురుగా ప్లాంటు రెండో యూనిట్‌ని ఈ కారణంతోనే 2024 నవంబరులో తిరస్కరించారు, కొత్త నిబంధనలు వచ్చాక ఇలాంటి మొదటి తిరస్కరణ అది. కాలిఫోర్నియాలో బొడేగా బే దగ్గర పునాది గొయ్యి తవ్వాక అందులోనే భ్రంశం కనిపించి 1964లో వదిలేశారు. అక్కడి డయాబ్లో కాన్యన్ ప్లాంటు సంగతి వేరు, కడుతుండగా తీరానికి దగ్గర్లో హోస్‌గ్రి భ్రంశం బయటపడింది, లెక్కలన్నీ మళ్లీ వేసి, గట్టిపరిచి నడుపుతున్నారు.

రబ్బరు దిమ్మల మీద కడితే సరిపోదా?

ఫ్రాన్స్‌లో క్రువాస్, దక్షిణాఫ్రికాలో కోబర్గ్ ప్లాంట్లని అలాగే కట్టారు. నేల పక్కలకి ఊగితే పైన భవనం నెమ్మదిగా కదులుతుంది, లోపలి పరికరాలకి దెబ్బ తగ్గుతుంది. పైకీ కిందికీ వచ్చే ఊపుని ఇవి పెద్దగా ఆపవు, సునామీకి ఏమాత్రం పనికిరావు.

వాడేసిన ఇంధనం కొలనుల సంగతి?

రియాక్టర్ నుంచి తీసిన ఇంధనాన్ని చల్లబరచడానికి నీళ్లలో ముంచి ఉంచే కొలనులివి. జనం తక్కువ మాట్లాడేదీ, ఎక్కువ పట్టించుకోవాల్సిందీ ఇదే. కొలనులో నీళ్లు ఆవిరైపోయినా, పగులు పడి కారిపోయినా కొత్తగా తీసిన ఇంధనం వేడెక్కుతుంది, పైగా ఆ కొలను చుట్టూ రియాక్టర్‌కి ఉన్నంత గట్టి కవచం ఉండదు. 2011లో అందరికీ గుండె దడ పుట్టించింది నాలుగో యూనిట్ పై అంతస్తులోని కొలనే, 1,500కి పైగా ఇంధన కట్టలున్నాయందులో. నీళ్లు పోలేదు, 2014 చివరికి అన్నిటినీ తీసేశారు. కొన్నేళ్లు కొలనులో చల్లబడిన ఇంధనాన్ని గాలితోనే చల్లబడే పొడి పీపాల్లోకి మార్చడం మేలు. కరెంటు అక్కర్లేదు, పంపు అక్కర్లేదు. ఖర్చని వాయిదా వేస్తుంటారు.

2011 తర్వాత నిజంగా ఏమైనా మారిందా?

మారింది. జపాన్‌లో 2012లో కొత్త స్వతంత్ర నియంత్రణ సంస్థ వచ్చింది, 2011లో ఉన్న 54 రియాక్టర్లలో 2024 చివరికి మళ్లీ నడిచినవి 14 మాత్రమే. జపాన్‌లోనే హమావోకా ప్లాంటు దగ్గర 22 మీటర్ల గోడ కట్టారు, అయినా ఇంకా నడపనివ్వలేదు. చాలా దేశాల్లో నీళ్లు దూరని తలుపులు, ఎత్తైన చోట లారీల మీద జనరేటర్లు, పంపులు, కరెంటు లేకుండా హైడ్రోజన్‌ని నీటిగా మార్చే పరికరాలు, గ్యాస్‌ని వడకట్టి వదిలే గొట్టాలు పెట్టారు. ఈ చివరిది యూరప్‌లో చాలాచోట్ల ముందు నుంచే ఉంది, ఫుకుషిమాలో లేదు. ఏపీ-1000 అనే రియాక్టర్ లాంటి కొత్త డిజైన్లలో పైన ట్యాంకు నీళ్లు వాటి బరువుకే దిగి మూడు రోజులు చల్లబరుస్తాయి, మనిషి చెయ్యి పడనక్కర్లేదు. నాలుగో రోజుకి మాత్రం ఎవరో ఒకరు రావాలి, రోడ్డు ఉండాలి.

ఫుకుషిమాలో రేడియేషన్ వల్ల ఎంతమంది చనిపోయారు?

2018లో ఒక కార్మికుడి ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాన్ని జపాన్ ప్రభుత్వం రేడియేషన్ ఖాతాలో ఒప్పుకుంది. చుట్టుపక్కల జనం ఆరోగ్యం మీద నేరుగా రేడియేషన్‌కి అంటగట్టగల హాని కనిపించలేదని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ చెప్పింది. ఇక్కడితో ఆపేసి 'చూశారా, ఏమీ కాలేదు' అనడం మాత్రం మోసం. లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలారు. దగ్గర్లోని ఒక ఆసుపత్రి నుంచి మంచం దిగలేని వృద్ధుల్ని బస్సుల్లో గంటల తరబడి తిప్పితే పదుల సంఖ్యలో పోయారు. ఆ తర్వాతి ఏళ్లలో ఒత్తిడి, మందులు అందకపోవడం, గూడు చెదిరిపోవడం వల్ల ఫుకుషిమా జిల్లాలో పోయినవాళ్లు 2,300 దాటారని లెక్క. వీళ్లు రేడియేషన్ మృతులు కారు, కానీ ప్రమాదమే జరగకపోతే వీళ్లలో చాలామంది బతికేవాళ్లు.

అదే రోజు అదే జిల్లాలో ఫుజినుమా అనే సాగునీటి డ్యాము భూకంపానికి తెగి ఎనిమిది మందిని మింగింది. దాని పేరు ఎంతమంది విన్నారు?

భూకంపం వచ్చినప్పుడు ఊళ్లు ఖాళీ చేయించడం అసలు కుదురుతుందా?

కాగితం మీద కుదురుతుంది. 2024 జనవరి 1న జపాన్‌లో నోతో ద్వీపకల్పాన్ని 7.5 తీవ్రత భూకంపం ఊపేసింది. అక్కడి షికా ప్లాంటు 2011 నుంచీ ఆగే ఉంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ నూనె కారడం, కొలను నీళ్లు చిందడంతో సరిపోయింది. కానీ చుట్టూ రోడ్లు కూలాయి, రేడియేషన్ కొలిచే కొన్ని కేంద్రాల నుంచి డేటా ఆగిపోయింది, 'ఇళ్లలోనే తలుపులు వేసుకుని ఉండండి' అని చెప్పాల్సిన చోట ఇళ్లే నేలమట్టమయ్యాయి. ద్వీపకల్పం కొసన సుజులో ఒకప్పుడు అణు ప్లాంటు కడదామనుకున్నారు, స్థానికుల వ్యతిరేకత కూడా తోడై 2003లో పక్కన పెట్టారు. ఆ భూకంపం మొదలైంది అక్కడే.

అయితే భూకంప ప్రాంతాల్లో కట్టొద్దంటారా?

కొన్నిచోట్ల వద్దనే అంటాను. చురుకైన భ్రంశం పక్కన, బయటికి ఒకే రోడ్డున్న ద్వీపకల్పంలో ఎంత కాంక్రీటు పోసినా వద్దు. మిగతా చోట్ల అవునో కాదో అనే ముందు చూడాల్సింది రియాక్టర్ ఏ మోడల్ అన్నది కాదు. జనరేటర్లూ వాటి స్విచ్‌బోర్డులూ సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉన్నాయి, రోడ్డు తెగితే ఎన్ని రోజుల డీజిల్ ఉంది, కొత్త భూగర్భ పరిశోధన వస్తే పాత లెక్కని ఎన్నేళ్లకి తిరగదోడతారు, 'ఆపేయండి' అని చెప్పే అధికారం ఉన్న సంస్థ నిజంగా ఎప్పుడైనా ఆపించిందా. వీటికి సూటిగా అంకెలతో జవాబు రాకపోతే నాకు నమ్మకం కుదరదు.

మూసేయడం కూడా ఉచితం కాదు. 1988 డిసెంబరు 7న ఆర్మేనియాలో స్పితాక్ భూకంపం 25,000 మందిని బలిగొంది. 75 కిలోమీటర్ల అవతలున్న మెత్సమోర్ ప్లాంటుకి ఏమీ కాలేదు, అయినా భయంతో 1989లో మూసేశారు. తర్వాత ఇంధనం రాక ఏళ్ల తరబడి జనం చలికాలాలు చీకట్లో గడిపారు. 1995లో ఒక రియాక్టర్ మళ్లీ తెరిచారు, అది కావాలని కాదు, గత్యంతరం లేక.

అయోడిన్ మాత్రలు ముందే కొని పెట్టుకోవాలా?

మీరు ప్లాంటుకి దగ్గర్లో ఉంటే ప్రభుత్వం ఇస్తే తీసుకోండి, చెప్పినప్పుడే వేసుకోండి. పొటాషియం అయోడైడ్ మాత్ర థైరాయిడ్‌ని ముందే మంచి అయోడిన్‌తో నింపేస్తుంది కాబట్టి రేడియోధార్మిక అయోడిన్ అక్కడ చేరదు, అంతే. సీజియం లాంటి ఇతర రేడియోధార్మిక పదార్థాలకి, ఇంకే రేడియేషన్‌కీ అడ్డు కాదు. రేడియేషన్ తగలడానికి కాస్త ముందు గానీ, తగిలిన కొద్ది గంటల్లో గానీ వేసుకుంటేనే పని చేస్తుంది. పిల్లలకీ గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ ముందు ఇవ్వాలి, 40 దాటినవాళ్లకి లాభం తక్కువ. అయోడిన్ ఉప్పు ఎక్కువ తింటే సరిపోతుందని ఎవరైనా ఫార్వర్డ్ పంపితే నమ్మకండి, మాత్రలో ఉన్నంత అయోడిన్ రావాలంటే కిలోల కొద్దీ ఉప్పు తినాలి.